కడుపుతో ఉన్నారని పనిలోంచి తీసేస్తే ఏం చేయాలి: గోదావరి జిల్లాల శ్రామిక మహిళలకు సమగ్ర మార్గదర్శి

"నెల తప్పిందని తెలియగానే రేపటి నుంచి రావద్దన్నారండి, ఏం చెయ్యాలి?" "కాంట్రాక్టరు కింద ఉన్నాను, నాకు పురిటి సెలవు డబ్బులు వస్తాయా?" భీమవరం రొయ్యల ప్లాంట్ల నుంచి రాజమహేంద్రవరం బట్టల షాపుల దాకా, ప్రైవేటు స్కూళ్ళ నుంచి నర్సింగ్ హోముల దాకా అందరూ అడిగేది ఈ రెండు ప్రశ్నలే. చట్టం మీ పక్కనే ఉంది. కేసులు దెబ్బతినేది రెండు కారణాల వల్ల: చేతిలో కాగితం లేకపోవడం, గడువు దాటిపోవడం. అందుకే ఈ మార్గదర్శిలో సగం భాగం గొడవ మొదలవ్వక ముందు చేసుకోవాల్సిన పనుల గురించే.

ఒక మాట ముందే గుర్తుపెట్టుకోండి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం స్థానంలో, 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్, 2020 అమల్లోకి వచ్చింది. ప్రసూతి హక్కులు ఇప్పుడు అందులోని 6వ అధ్యాయంలో, 59 నుంచి 72 వరకు ఉన్న సెక్షన్లలో ఉన్నాయి. సెలవు, డబ్బు, ఉద్యోగ రక్షణ దాదాపు పాతవే. "పాత చట్టం పోయిందమ్మా, ఇప్పుడు అవేమీ లేవు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

1. మీరు ఏ దారిలోకి వస్తారో తేల్చుకోండి

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇది. దారి తప్పితే నెలలు వృథా అవుతాయి.

*ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) ఉన్నవారు.* నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, జీతంలోంచి 0.75 శాతం ఈఎస్ఐకి కోత పడుతుంటే మీ ప్రసూతి డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది, యజమాని నుంచి కాదు. అంతకు ముందు వరుసగా రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజుల చందా జమై ఉండాలి. చందా కాలాలు ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. ఈఎస్ఐ పోర్టల్‌లో మీ నంబరుతో లాగిన్ అయితే ఎన్ని రోజులు జమయ్యాయో కనిపిస్తుంది. జీతంలో కోసి అక్కడ కట్టని కాంట్రాక్టర్లు ఉన్నారు కాబట్టి మూడో నెలలోనే చూసుకోండి. తేడా ఉంటే జీతం చీటీ పట్టుకుని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి.

*ఈఎస్ఐ లేనివారు, లేదా జీతం ఆ పరిమితి దాటినవారు.* ఫ్యాక్టరీ అయినా, పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే షాపు, ఆసుపత్రి, స్కూలు, ఆఫీసు అయినా డబ్బు ఇవ్వాల్సింది యజమానే. డాక్టరు చెప్పిన ప్రసవ తేదీకి ముందు 12 నెలల్లో మీరు 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. పర్మినెంటా, టెంపరరీనా, ప్రొబేషనా అన్న తేడా లేదు. రోజు కూలి మీద హాజరు పట్టీలో, అంటే మస్టరు రోల్‌లో ఉన్నవారికి కూడా ఈ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2000లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో తేల్చింది. సరుకు రాక ప్లాంటు వాళ్ళే లే-ఆఫ్ ఇచ్చిన రోజులు, జీతంతో కూడిన సెలవులు కూడా ఆ 80లో కలుస్తాయి. రొయ్యల సీజన్ల మధ్య ఖాళీ చూపించి "నీకు రోజులు సరిపోవు" అంటే ముందు ఆ లెక్క అడగండి.

*ఈ రెండిట్లోకీ రానివారు.* పొలం పనుల కూలీలు, ఇంటి దగ్గర లేసు అల్లే నరసాపురం వైపు మహిళలు, పది మంది కూడా లేని షాపుల్లో పనిచేసేవారికి ఈ చట్టం కింద యజమాని నుంచి సెలవు డబ్బు రాదు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు వస్తాయి. అంగన్‌వాడీలో అడగండి. భవన నిర్మాణ కార్మికులైతే సంక్షేమ బోర్డు కార్డు రెన్యువల్ చేయించుకుని, అక్కడి ప్రసూతి సాయం గురించి కార్మిక శాఖ ఆఫీసులో విచారించండి.

2. మీకు రావాల్సింది ఎంతో లెక్క వేసుకోండి

మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు, అంటే 182 రోజులు. ప్రసవానికి ముందు 8 వారాలకు మించి వాడుకోకూడదు. ముందు తక్కువ తీసుకుంటే మిగిలినది తర్వాత తీసుకోవచ్చు. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలు, అందులో ముందు 6 వారాల వరకు. గర్భస్రావమైతే 6 వారాలు. గర్భం వల్ల లేదా కాన్పు వల్ల జబ్బు చేస్తే, డాక్టరు సర్టిఫికెట్‌తో మరో నెల.

యజమాని ఇవ్వాల్సిన డబ్బును, మీరు సెలవు మొదలుపెట్టే ముందు మూడు నెలల్లో పనిచేసిన రోజులకు వచ్చిన సగటు రోజు కూలితో లెక్కిస్తారు. ఆదివారాలు తీసేయకూడదు. వారమంటే ఏడు రోజులూ లెక్కేనని సుప్రీంకోర్టు 1977లోనే బి. షా కేసులో చెప్పింది. ఉదాహరణకు రోజు కూలి 450 రూపాయలైతే:

- ప్రసవానికి ముందు 8 వారాలకు: 56 × 450 = 25,200
- తర్వాత 18 వారాలకు: 126 × 450 = 56,700
- మొత్తం: 81,900 రూపాయలు

యజమాని ఖర్చు లేకుండా వైద్యం చూపించకపోతే మెడికల్ బోనస్ 3,500 అదనం. ముందు భాగం డబ్బు గర్భం రుజువు చూపించగానే అడ్వాన్సుగా ఇవ్వాలి. మిగతాది బిడ్డ పుట్టిన రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలి. "తిరిగి పనిలో చేరాక చూద్దాం" అనడం చట్టంలో లేదు. రోజు లెక్క కనీస వేతనం కంటే తక్కువ ఉండకూడదు. చాలామంది కాంట్రాక్టర్లు 26 వారాలను 26 పని దినాల నెలలుగా మార్చి ఆదివారాలు కోసేస్తారు. పై లెక్కలో అలా 26 ఆదివారాలు ఎగిరిపోతే మీకు పోయేది 11,700 రూపాయలు.

3. నెల తప్పిన నాటి నుంచే కాగితాలు పోగు చేయండి

ఫిర్యాదులో తొలి ఎదురుదెబ్బ ఎక్కడ తగులుతుందంటే, "ఆవిడ మా దగ్గర పనిచేయనే లేదు" అని కాంట్రాక్టరు చెప్పినప్పుడు. రొయ్యల తొక్క తీసే పీలింగ్ షెడ్లలో కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట, మేస్త్రి నోట్‌బుక్ తప్ప రికార్డే ఉండదు. అందుకే ఇవి సిద్ధం చేసుకోండి:

- ఐడీ కార్డు, గేట్ పాస్, యూనిఫాం ఫోటో
- జీతం చీటీలు. లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే జమలు కనిపించేలా
- పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు. అందులో యజమాని పేరు ఉంటుంది, చాలా గట్టి రుజువు
- మేస్త్రి నోట్‌బుక్‌లో మీ పేరు, కిలోలు ఉన్న పేజీల ఫోటోలు, వారానికొకటి
- వాట్సాప్ డ్యూటీ గ్రూపులో షిఫ్టు మెసేజ్‌లు
- మాతా శిశు సంరక్షణ కార్డు, స్కాన్ రిపోర్టు, ప్రసవ తేదీ రాసిన డాక్టరు సర్టిఫికెట్
- మీతో పనిచేసే ఇద్దరు ముగ్గురి పేర్లు, ఊళ్ళు

ఫోన్ మెసేజ్‌లను స్క్రీన్‌షాట్ తీయడంతో ఆపకండి. అసలు మెసేజ్ ఉన్న ఫోన్‌ను రీసెట్ చేయొద్దు, అమ్మొద్దు. డిజిటల్ సాక్ష్యాన్ని కోర్టులో పెట్టేటప్పుడు అసలు పరికరం గురించి ధ్రువపత్రం అడుగుతారు.

పని మానిపించడానికి మాట్లాడే మాటలు సాధారణంగా నోటి మాటే. "నీళ్ళోసుకున్నావు కదమ్మా, ఇంటి దగ్గర కూర్చో, బిడ్డ పుట్టాక చూద్దాం" అంటారు. అదే సాయంత్రం సూపర్‌వైజర్‌కు ఒక మెసేజ్ పెట్టండి: "సార్, ఈరోజు మీరు నన్ను రేపటి నుంచి రావద్దన్నారు. నాకు పని చేయగలిగే ఆరోగ్యం ఉంది. నేను రేపు కూడా వస్తాను." జవాబు రాకపోయినా ఫరవాలేదు. తేదీతో సహా మీ మాట రికార్డులో నిలుస్తుంది.

4. నోటీసు ఇవ్వండి, రుజువు ఉంచుకోండి

నోటీసు ఇవ్వకపోయినా హక్కు పోదు. కానీ ఇస్తే యజమాని "నాకు తెలియదు" అనలేడు. తెల్ల కాగితం మీద ఇలా రాస్తే చాలు:

"మేనేజర్ గారికి. నేను మీ సంస్థలో గ్రేడింగ్ విభాగంలో, ఫలానా కాంట్రాక్టరు ద్వారా, ఫలానా నెల నుంచి పనిచేస్తున్నాను. నేను గర్భవతిని. డాక్టరు చెప్పిన ప్రసవ తేదీ ఫలానా. ఫలానా తేదీ నుంచి ప్రసూతి సెలవులో ఉంటాను. సెలవు కాలంలో మరెక్కడా పని చేయను. నాకు రావాల్సిన ప్రసూతి ప్రయోజనాన్ని ఈ బ్యాంకు ఖాతాలో జమ చేయండి. డాక్టరు సర్టిఫికెట్ జతపరిచాను."

రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తీసుకున్నట్టు సంతకం, తేదీ, వీలైతే స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు భద్రపరచండి, ట్రాకింగ్‌లో డెలివరీ అయినట్టు చూపే పేజీని ప్రింటు తీయించండి. కాంట్రాక్టరు ద్వారా పనిచేస్తుంటే రెండు ఉత్తరాలు పంపండి: ఒకటి కాంట్రాక్టరుకు, ఒకటి ప్లాంటు యాజమాన్యానికి. ఒకరి మీద ఒకరు తోసుకోవడానికి అవకాశం తగ్గుతుంది.

"మరెక్కడా పని చేయను" అన్న వాక్యం మాటవరసకు రాసేది కాదు. సెలవు డబ్బు తీసుకుంటూ వేరే షెడ్డులో పనికి వెళ్తే ఆ కాలానికి డబ్బు హక్కు పోతుంది.

ఎక్కువసేపు నిలబడే పని, బరువులు ఎత్తే పని మార్చమని అడగడానికీ చట్టంలో చోటుంది. డాక్టరు చెప్పిన ప్రసవ తేదీకి ముందుండే ఆరు వారాల కాలానికి కూడా ముందు నెల రోజులపాటు, మీరు కోరితే అలాంటి పని చెప్పకూడదు. రోజంతా తడి నేల మీద నిలబడి రొయ్య తలలు తీసేవారు, షాపులో కుర్చీ లేకుండా నిలబడేవారు దీన్ని ఉత్తరంలోనే అడగండి. పని మార్చినందుకు జీతం తగ్గించకూడదు.

5. పుట్టింటికి వెళ్ళే ముందు ఈ రెండూ చూసుకోండి

మన జిల్లాల్లో సూడిదలు అయ్యాక ఏడో నెలలోనే పుట్టింటికి పంపే ఆచారం ఉంది. చట్టం ఇచ్చేది ప్రసవానికి ముందు 8 వారాలే. ఏడో నెల మొదట్లో వెళ్ళిపోతే మధ్యలో కొన్ని వారాలు ఏ సెలవులోకీ రాకుండా ఉండిపోతాయి. యజమాని ఆ వారాలనే పట్టుకుని "చెప్పకుండా మానేసింది" అని రాసుకుంటాడు. మాకు తెలిసినంతలో నోటి మాట మీద నడిచే చోట్ల జరిగే నష్టం ఎక్కువగా ఇక్కడే. ప్రసవ తేదీ నుంచి 56 రోజులు వెనక్కి లెక్కపెట్టండి. అంతకు ముందే వెళ్ళాలంటే ఆ రోజులకు వేరే సెలవు లేదా డాక్టరు సలహాతో అనారోగ్య సెలవు రాసిచ్చి వెళ్ళండి.

రెండోది చిరునామా. తొలగింపు ఉత్తరం అత్తవారింటికి వస్తుంది, మీరు పుట్టింట్లో ఉంటారు. బాలింతకు చెప్పడమెందుకని పెద్దవాళ్ళు దాన్ని అలమారలో పెడతారు. గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. నోటీసులో పుట్టింటి చిరునామా, మీ ఫోన్ నంబరు తప్పక రాయండి. ఇంట్లో అందరికీ చెప్పండి: కంపెనీ నుంచి ఏ కవరు వచ్చినా ఆ రోజే ఫోటో తీసి పంపమని.

6. సంతకం అడిగితే

నేరుగా తీసేసేవారు తక్కువ. రాజీనామా రాయించుకునేవారే ఎక్కువ. "మళ్ళీ చేర్చుకుంటాం, ముందు రిజైన్ చెయ్యి" అని చెప్తారు. బాండ్ పేపరు మీద, ఖాళీ కాగితం మీద, "నాకు రావాల్సినదంతా ముట్టింది" అన్న రసీదు మీద సంతకం పెట్టకండి. "ఇంట్లో చూపించి రేపు చెప్తానండి" అని బయటికి వచ్చేయండి.

ఒత్తిడిలో సంతకం పెట్టేశారా? అయితే ఆ రోజే, కుదరకపోతే మర్నాడే "నా ఇష్టంతో రాయలేదు, రాజీనామాను వెనక్కి తీసుకుంటున్నాను, పనికి వస్తాను" అని స్పీడ్ పోస్టు, వాట్సాప్ రెండింటిలోనూ పంపండి. వారం ఆలస్యమైతే ఆ మాటకు బలం తగ్గుతుంది. ప్రసూతి హక్కు వదులుకుంటున్నానని ఒప్పందం రాయించుకున్నా, చట్టానికి విరుద్ధమైన ఆ షరతు చెల్లదు.

కాంట్రాక్టు గడువు సెలవు మధ్యలో ముగిసిపోతుంటే? గడువు దాటినా ప్రసూతి డబ్బు పూర్తిగా ఇవ్వాల్సిందేనని 2023లో కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పేరును ఫిర్యాదులో రాయండి.

7. తీసేశారు. ఇప్పుడు వరుసగా

ప్రసూతి సెలవులో ఉండగా గానీ, ఆ సెలవు కారణంగా గానీ తొలగించడం చట్ట విరుద్ధం. ఆ కాలంలో జీతం తగ్గించి షరతులు మార్చడమూ అంతే. దొంగతనం, మోసం, దాడి వంటి తీవ్రమైన దుష్ప్రవర్తన ఉంటేనే డబ్బు ఆపగలరు, అది కూడా రాతపూర్వక ఉత్తర్వుతో.

ఈ వరుస తప్పొద్దు:

- మొదటి రోజు: ఎవరు, ఎప్పుడు, ఏ మాటన్నారో నోట్‌బుక్‌లో రాసుకోండి. అక్కడ ఉన్నవారి పేర్లు రాయండి.
- రెండో రోజు: తొలగించిన కారణం రాతపూర్వకంగా ఇవ్వమని, తిరిగి పనిలోకి తీసుకోమని స్పీడ్ పోస్టులో ఉత్తరం.
- వారం లోపు: ఉచిత న్యాయవాది కోసం దరఖాస్తు (9వ అంశం).
- పదిహేను రోజుల లోపు: కార్మిక శాఖకు ఫిర్యాదు (8వ అంశం).
- 60 రోజుల లోపు: తొలగింపు మీద అప్పీలు.

ఆ 60 రోజులు ఉత్తర్వు మీకు తెలిసిన నాటి నుంచి. ఇది కోడ్‌లోని 68వ సెక్షన్ గడువు. రాతపూర్వక ఉత్తర్వు లేకపోతే, పనిలోకి రానివ్వని తొలి రోజు నుంచే లెక్కపెట్టుకోండి, అదే క్షేమం. "సార్ మాట్లాడతానన్నారు, ఊళ్ళో పెద్దమనిషి సర్దుబాటు చేస్తానన్నారు" అని ఆగిపోయినవారే గడువు పోగొట్టుకుంటారు. మాటలు నడవనివ్వండి, దరఖాస్తు కూడా నడవనివ్వండి.

8. ఫిర్యాదు ఎక్కడ, ఎలా

ఫ్యాక్టరీ అయితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు, షాపు, స్కూలు, ఆసుపత్రి అయితే సహాయ కార్మిక అధికారికి. కోడ్‌లో ఇన్‌స్పెక్టర్ పేరు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అయింది. 72వ సెక్షన్ కింద విచారించి డబ్బు ఇవ్వమని ఆయన ఆదేశించగలరు. ఏది ఎవరిదో తెలియకపోతే రెండు చోట్లా ఇచ్చి రెండు రసీదులూ తీసుకోండి. ప్రసూతి డబ్బు ఈఎస్ఐ నుంచే అయినా, ఉద్యోగంలోంచి తీసేసిన విషయానికి కార్మిక శాఖకే వెళ్ళాలి.

పరిధిని నిర్ణయించేది మీరు పనిచేసిన చోటు, మీ ఇల్లు కాదు. సఖినేటిపల్లిలో ఉంటూ పంటు దాటి నరసాపురంలో పనిచేస్తే మీ ఫిర్యాదు పశ్చిమ గోదావరి జిల్లాది, కోనసీమది కాదు. అమలాపురంలో ఇచ్చిన కాగితం తిరిగి రావడానికే నెల పోతుంది.

ఫిర్యాదులో ఉండాల్సినవి, ఒకటిన్నర పేజీకి మించకుండా:

- మీ పేరు, ఇప్పుడు ఉంటున్న చిరునామా, ఫోను
- కంపెనీ, కాంట్రాక్టరు ఇద్దరి పేర్లు, చిరునామాలు
- చేరిన తేదీ, చేసిన పని, రోజు కూలి, గత ఏడాదిలో పనిచేసిన రోజులు
- గర్భం గురించి ఎప్పుడు, ఎలా తెలిపారు
- ఏం జరిగింది, తేదీల వారీగా. తిట్లు, బాధ వద్దు, తేదీలు చాలు
- ఏం కావాలి: తిరిగి ఉద్యోగం, ఇన్ని రూపాయల ప్రసూతి ప్రయోజనం, 3,500 మెడికల్ బోనస్
- "సామాజిక భద్రతా కోడ్ 2020, 6వ అధ్యాయం, 68, 72 సెక్షన్ల కింద" అన్న మాట
- జతపరిచిన కాగితాల జాబితా, అన్నీ జిరాక్సులే

ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు (ఫిర్యాదు అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకోవడం మర్చిపోకండి. నంబరు లేని ఫిర్యాదును తర్వాత వెతికి పట్టుకోవడం కష్టం. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ నంబరుతో అర్జీ పెట్టండి.

విచారణ రోజున యజమాని రిజిస్టరు తెస్తాడు. మీ పేరు లేకపోతే కంగారు పడకండి. పీఎఫ్ ప్రింటు, బ్యాంకు జమలు, నోట్‌బుక్ ఫోటోలు ముందుంచండి. అక్కడే "సగం తీసుకుని ముగించెయ్యమ్మా" అంటే, 2వ అంశంలోని లెక్క కాగితం చూపించి, ఆలోచించుకోవడానికి టైము అడగండి. బాలింతగా వెళ్ళలేకపోతే వాయిదా కోరుతూ డాక్టరు చీటీతో మనిషిని పంపండి. చెప్పకుండా గైర్హాజరైతే ఫైలు మూసేస్తారు.

9. ఉచిత న్యాయవాది

మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టంలోని 12వ సెక్షన్ ఇది. నెలకు 40,000 జీతమున్న నర్సుకైనా సరే వర్తిస్తుంది. మీకు దగ్గరలోని కోర్టు ప్రాంగణంలో మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది, జిల్లా కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెప్తారు. ఇంట్లోవారూ వేధిస్తుంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి చెప్పండి.

ఆధార్, మాతా శిశు కార్డు, పై ఫిర్యాదు కాపీ తీసుకెళ్ళండి. దరఖాస్తులో "60 రోజుల గడువు ఫలానా తేదీన ముగుస్తుంది" అని పైనే ఎర్ర సిరాతో రాయండి. కేటాయించిన న్యాయవాది ఫీజు అడిగితే ఇవ్వాల్సిన పని లేదు. ఆ సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పండి, వేరేవారిని కేటాయిస్తారు.

ఉద్యోగ ఇంటర్వ్యూలో "పెళ్ళైందా, పిల్లల ప్లాన్ ఏమిటి" అని అడిగి తిరస్కరించినవారి విషయంలో నిజం చెప్పాలి: ప్రైవేటు సంస్థల మీద ఇది నిరూపించడం కష్టం. ప్రభుత్వరంగ ఉద్యోగ దరఖాస్తులో నెలసరి, గర్భం వివరాలు అడగడాన్ని నీరా మాథుర్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది కాబట్టి, ప్రభుత్వ సంస్థల విషయంలో న్యాయవాదిని కలవడం దండగ కాదు.

10. తిరిగి పనిలో చేరే రోజు

చేరే తేదీకి రెండు వారాల ముందు రాతపూర్వకంగా తెలియజేయండి. బిడ్డకు 15 నెలలు వచ్చే వరకు రోజూ రెండు పాలిచ్చే విరామాలు మీ హక్కు, వాటికి జీతం కోయకూడదు. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట శిశు సంరక్షణ గది సౌకర్యం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరకు వెళ్ళనివ్వాలి.

పాత పని ఇవ్వకుండా తక్కువ కూలి పనికి మార్చితే, చేరండి. కానీ "అభ్యంతరంతో చేరుతున్నాను" అని అదే రోజు ఉత్తరం ఇవ్వండి. గేటు దగ్గరే ఆపేస్తే గొడవ పడకండి. గేటు బోర్డు, టైము కనిపించేలా ఫోటో తీసి, "ఫలానా తేదీ ఉదయం ఇన్ని గంటలకు డ్యూటీకి వచ్చాను, సెక్యూరిటీ లోపలికి పంపలేదు" అని అక్కడి నుంచే సూపర్‌వైజర్‌కు, కాంట్రాక్టరుకు మెసేజ్ పెట్టండి. మధ్యాహ్నంలోపు స్పీడ్ పోస్టు వేయండి. 60 రోజుల లెక్క ఆ రోజు నుంచి మొదలైనట్టే.